ఆదివారం కొలత

బాలమోర్ ఊళ్ళో సంతకం పెట్టనన్న మనిషి ఇంతవరకు పుట్టలేదు. చర్చికి కొత్త పాస్టరు కావలసి వస్తే ఊరంతా ఒకే కాగితం మీద సంతకాలు చేసి పిలుస్తారు. దాన్ని 'పిలుపు' అంటారు. ఒక్క పేరు తగ్గినా పిలుపు బరువు తగ్గుతుందని, వచ్చే పాస్టరు దారిలోనే వెనక్కి తిరుగుతాడని వాళ్ళ భయం. మంచాన పడ్డవాళ్ళ దగ్గరికి కూడా కలం తీసుకెళ్ళి, చెయ్యి పట్టుకుని రాయిస్తారు. అందుకని ఊరి వెనక గ్రీవా కొండ మీద గాలిమరలు పెడతామని ఒక కంపెనీ కౌన్సిల్‌కి దరఖాస్తు పెట్టినప్పుడు ఊరికి తోచిన పని అదొక్కటే. ఐవర్ ఒక ఉత్తరం రాశాడు. ఇంటింటికీ తిరిగాడు. అందరూ దాని కింద సంతకాలు పెట్టారు.

మర్డీనా కూడా పెట్టింది. ఉత్తరంలో ఏముందో చదవలేదు. ఐవర్ ఆమె భర్తకి చిన్నాన్న కొడుకు, ఊరి ఉమ్మడి మేత భూముల వ్యవహారం చూసే గుమాస్తా, పైగా పక్కింటివాడు. అతని మాట తీసెయ్యకపోవడానికి ఈ మూడింటిలో ఏ ఒక్కటైనా చాలు. నీ పేరు మొట్టమొదట ఉండాలి వదినా, కొండకి దగ్గరి ఇల్లు నీదే కదా అని అతను వేలు పెట్టి చూపించిన చోట ఆమె పేరు రాసింది. ఆ రోజుల్లో ఎవరేం చెప్తే అది చేసేది. తినమంటే తినేది, పడుకోమంటే పడుకునేది, ప్రార్థనకి రమ్మంటే నల్లకోటు తొడుక్కుని బయల్దేరేది.

ఆమె భర్త టోర్కిల్ ఫిబ్రవరిలో పోయాడు. ఇంటి పక్కన రేకుల షెడ్డులో, మగ్గం బల్ల మీద కూర్చునే, ఒక ట్వీడ్ ఉన్ని గుడ్డ సగంలో ఉండగా పోయాడు. మగ్గం ఆగడం మర్డీనా వంటింట్లోంచి వింది. కండె మార్చుకుంటున్నాడనుకుంది. టీ పెట్టి పిలిచింది. టీ చల్లారిపోయాక వెళ్ళి చూసింది. అప్పటి నుంచి ఆమెకి ఏడుపు రాలేదు. రాలేదే అన్న బాధ కూడా కలగలేదు. పళ్ళ డాక్టరు సూది వేశాక దవడ ఎలా ఉంటుందో, ఆమెకి ఒళ్ళంతా అలా ఉండేది. ముట్టుకుంటే తెలుస్తుంది. నొప్పి మాత్రం తెలియదు.

టోర్కిల్‌ది కాలితో తొక్కే పాత ఇనప మగ్గం. అది నడుస్తుంటే వంటింట్లో అలమారలో కప్పులు కదిలేవి. పెళ్ళైన కొత్తలో మర్డీనా ఆ చప్పుడుకి తలపట్టుకునేది. కొన్నాళ్ళు తిట్టింది, ఆ తర్వాత వినడం మానేసింది. ఇప్పుడు అది లేకపోతే ఇంట్లో ఏ మూల నిలబడ్డా ఎవరో ఆమెని అక్కడి నుంచి పక్కకి జరగమన్నట్టు ఉంటోంది. ఉన్ని మిల్లువాళ్ళు వచ్చి, సగంలో ఉన్న గుడ్డని ఎప్పుడు తీసుకెళ్ళమంటారని మర్యాదగానే అడిగారు. చూద్దామంది. ఆ గుడ్డ మగ్గం మీదే ఉంది.

మే నెలలో ఒక శనివారం ఇష్‌బెల్ వచ్చింది. టోర్కిల్ చెల్లెలి కూతురు. స్టోర్నవే పట్నంలో కౌన్సిల్ ఆఫీసులో, ఇల్లు కట్టుకోవాలన్నా దొడ్డి వేసుకోవాలన్నా అనుమతులిచ్చే విభాగంలో, ఏళ్ళ తరబడి పనిచేసి మానేసింది. జనం రాసే అభ్యంతరాలు చదివీ చదివీ తనకి మనుషుల మీద జాలి, వాళ్ళ దస్తూరి మీద రోత పుట్టాయని చెప్పుకునేది. దేవుడి రోజని ఆదివారం నాడు కత్తి పట్టరు గనక శనివారమే బంగాళాదుంపలు చెక్కు తీసి నీళ్ళలో వేసుకోవాలి. ఇద్దరూ ఆ పని మీద కూర్చున్నారు. పొయ్యి పైన అరుగు మీద ఐవర్ ఉత్తరం నకలు ఉంది. ఇష్‌బెల్ చేతులు తుడుచుకుని అది చదివింది.

పాపం, ఐవర్ బాగానే రాశాడు. కొండ అందం గురించి రాశాడు. తాతల సమాధుల గురించి, ఇళ్ళ ధరలు పడిపోవడం గురించి, కంపెనీవాళ్ళ దురాశ గురించి రాశాడు. చివర ఒక బైబిలు వాక్యం. చర్చిలో చదివితే ముసలమ్మలు కళ్ళొత్తుకునేవారు. కానీ కౌన్సిల్ బల్ల మీద దీనికి కన్నీళ్ళు రాలవని ఇష్‌బెల్ చెప్పింది. ఇంటి ధర తగ్గుతుందన్నది అక్కడ లెక్కలోకి రాదు. కంపెనీవాడు మంచివాడా చెడ్డవాడా అన్నదీ రాదు. కొండ అందంగా ఉందంటే చాలదు, ఎక్కడ నిలబడితే ఏది మరుగవుతుందో చెప్పాలి. నీళ్ళ గురించి, దారుల గురించి, పక్షుల గురించి, చప్పుడు గురించి చెప్తే వింటారు. అదీ కంపెనీ నివేదికలో ఫలానా పేజీలో ఫలానాది తప్పు అని చూపిస్తేనే.

"అయినా ఊరంతా పెట్టాం కదా సంతకాలు," అంది మర్డీనా.

"పెట్టారు. అక్కడ అది ఒక్క ఉత్తరం అత్తా. వంద మంది ఒకే మాటంటే వాళ్ళు విన్నది ఒక మాటే. అదే వంద మంది వంద సంగతులు చెప్పారనుకో, అన్నిటికీ జవాబు వెతుక్కోవాలి."

తనకి చెప్పడానికేం సంగతులున్నాయని మర్డీనా ఇంకో దుంప తీసుకుంది.

ఇష్‌బెల్ ఊరికే రాలేదు. కొండకి దగ్గరి ఇల్లు మేనమామది గనక కంపెనీ నివేదికలో చప్పుడు గురించిన అధ్యాయం మొత్తం చదువుకుని వచ్చింది. గాలిమరల చప్పుడు ఎంతవరకు ఉండొచ్చన్నది, ఆ చోట ఇప్పటికే ఎంత చప్పుడుందన్న దాన్ని బట్టి నిర్ణయిస్తారట. నిశ్శబ్దంగా ఉండే చోట తక్కువ ఉండాలి. రొదగా ఉండే చోట ఎక్కువున్నా ఫరవాలేదు. మనుషులు ఇంటిపట్టున ఉండే సాయంత్రాల కొలత మరీ ముఖ్యమట. మర్డీనా పెరట్లో కొలిచిన అంకెనే కొండ కింది ఇళ్ళన్నిటికీ వాడారు. పక్కన ఐవర్ ఇంటికీ అదే. ఐవర్ భార్య ఫ్లోరాకి పక్షవాతం వచ్చిన దగ్గర నుంచి చీమ నడిచినా మెలకువ వస్తుంది. అనుమతి ఆ అంకెతో వచ్చేసిందంటే రేపు ఎంత మొత్తుకున్నా లాభం లేదు, మేం అంకె దాటలేదు కదా అంటారు.

"నాకు అర్థం కానిది ఒకటే," అంది ఇష్‌బెల్, తెచ్చుకున్న కంప్యూటర్ని దుంపల గిన్నె పక్కన తెరుస్తూ. "గాలి పడిపోయిన సాయంత్రాల్లో కూడా మీ పెరట్లో ఇంత రొదేంటి? రోడ్డన్నా లేదు కదా ఇటువైపు."

తెర మీద ఒక గ్రాఫు ఉంది. కిందుగా తేదీలు, పైకీ కిందికీ లేచి పడే నీలం గీత. మర్డీనా కళ్ళజోడు పెట్టుకుని చూసింది. ఒక్కో రోజూ గీత పొద్దున్నే లేచింది. మధ్యాహ్నం పడింది. ఉప్పుచేప, దుంపలు తిని, రేడియోలో వార్తలు విన్నంతసేపు కింద పడుకుని, మళ్ళీ లేచింది. టీ వేళకి చిన్న గుంట. మిల్లు వ్యాను వచ్చే రోజున పెద్ద గుంట. రాత్రి భోజనం అయ్యాక మళ్ళీ లేచింది. ఒకచోట రెండు రోజుల పాటు గీత తెగి తెగి ఉంది. అప్పుడు ఆయనకి దగ్గు. ఇక ప్రతి ఏడో రోజు గీత అసలు లేవనే లేదు. ఆ చివర నుంచి ఈ చివర దాకా నేలకి అంటుకుని ఉంది.

"అది టోర్కిల్," అంది మర్డీనా.

ఇష్‌బెల్ తెర తనవైపు తిప్పుకుని మళ్ళీ చూసింది.

పోయిన ఏడాది దుంపలు తవ్వే కాలంలో ఒకతను చప్పుడు కొలిచే యంత్రం పట్టుకుని వచ్చాడు. మూడు కాళ్ళ మీద నిలబెట్టే గొట్టం, దానికి బొచ్చు టోపీ. అతను దాన్ని పడకగది వైపు గడ్డిలో, బయలులో పెడతానన్నాడు. అక్కడ పెడితే మా గాలికి అది ఐస్‌లాండ్‌లో తేలుతుంది నాయనా అని టోర్కిల్ పట్టుబట్టి షెడ్డు గోడ చాటున పెట్టించాడు. అది మర్యాదగా చేసిన పనే, మాయగా చేసింది కాదు. తర్వాత అతన్ని లోపలికి తీసుకెళ్ళి ఓట్స్ రొట్టె, జున్ను, టీ పెట్టించాడు. ఇంటికి మనిషి వస్తే మగ్గం ఆపెయ్యడం అక్కడి ఆచారం. అతిథి కూర్చుని ఉండగా నేస్తే ఇక వెళ్ళిరమ్మని చెప్పినట్టే. అందువల్ల ఆ కొలిచే మనిషి మగ్గం చప్పుడు వినలేదు. ఆ షెడ్డులో గొర్రెలున్నాయో గడ్డుందో కూడా అడగకుండా, రొట్టె బాగుందని చెప్పి వెళ్ళిపోయాడు.

టోర్కిల్‌కి ఆలోచన ఆ తర్వాత వచ్చింది. ఈ ఊరు ఊరికే పడుంది, మనుషులు లేని చోటు, ఏదైనా తెచ్చి పెట్టుకోవచ్చు అనుకుంటున్నారు వీళ్ళు, ఇక్కడ పని జరుగుతోందని చెవులారా విననీ అన్నాడు. ఉన్న చప్పుడే ఇంతుంటే ఇంకో చప్పుడుకి చోటు లేదని వాళ్ళంతట వాళ్ళే పోతారని ఆయన లెక్క. పొద్దున చేసే పని చేసి, రాత్రి భోజనం అయ్యాక కూడా మగ్గమెక్కాడు. కుర్రతనంలో కూడా అంత నెయ్యలేదు. నీ గుండె చూసుకో అని మర్డీనా అరిస్తే నవ్వాడు. ఆదివారం మాత్రం ముట్టుకోలేదు. దేవుడి రోజున కంపెనీవాడికి కూడా సెలవే అన్నాడు.

తానొకటి తలిస్తే దైవమొకటి తలచిందంటారు. టోర్కిల్ తలచిన దానికి దైవం దాకా పోనక్కర్లేదు, రొద ఉన్న చోట ఇంకాస్త రొద ఉండొచ్చన్న ఒక్క నియమం చాలింది. కొండని కాపాడదామని ఆయన తొక్కిన ప్రతి తొక్కుడూ గాలిమరలకి పనికొచ్చింది. ఆ శ్రమే ఆయన్ని తీసుకెళ్ళిందా అన్న ఆలోచన మర్డీనాకి అప్పుడే, దుంపల గిన్నె ముందు, మొదటిసారి వచ్చింది. వచ్చి నిలబడింది. ఆమెలో ఏమీ కదల్లేదు.

"ఇది నువ్వే రాయాలత్తా. ఇన్నేళ్ళు ఇవే కాగితాలు చూసిన నాకే తట్టలేదు. అక్కడ కూర్చున్నవాడికి ఎలా తడుతుంది?"

"గాలిమరలు వద్దని రాయాలా?"

"నీకు వద్దా?"

మర్డీనా ఆలోచించింది. "తెలీదు."

"అయితే వద్దనకు. తెలిసింది రాయి."

తర్వాత చూద్దామంది మర్డీనా. మిల్లువాళ్ళకి చెప్పినట్టే. చప్పుడే కదా, వస్తే రానీ, ఇంట్లో ఇప్పుడున్నది ఏం బావుందని అని కూడా అంది. ఇష్‌బెల్ వాదించలేదు. దుంపల మీద మూత పెట్టి, గడువు దగ్గరపడుతోందని మాత్రం చెప్పి వెళ్ళింది.

మర్నాడు ఆదివారం. బాలమోర్‌లో ఆదివారం అంటే తాడు మీద బట్ట ఆరదు, దారిలో సైకిలు కదలదు, కోడిపుంజు కూస్తే దానికి కూడా భక్తి తక్కువని అనుకుంటారు. పొద్దున ప్రార్థన, సాయంత్రం ప్రార్థన, మధ్యలో చల్లటి మాంసం, దుంపలు. కలం పట్టుకోవడానికి లేదు. మర్డీనా వంటింట్లో కుర్చీలో కూర్చుంది. నివేదికలో ఆ నీలం గీత కింద ఒక మాట ఉంది. ఇష్‌బెల్ చదివి వినిపించింది. 'పరిసర శబ్దం'. పళ్ళ మధ్య చేపముల్లు ఇరుక్కున్నట్టు ఆ మాట సాయంత్రం దాకా ఆమెని వదల్లేదు. గాలి చప్పుడు, సముద్రం చప్పుడు, గొర్రెల అరుపు, టోర్కిల్. అన్నీ కలిపి ఒక్క మాట.

ఆ మాట మీద ఆమెకి కోపం వచ్చింది. ఫిబ్రవరి తర్వాత వచ్చిన మొదటి కోపం, పెద్దదేం కాదు. రేపు కొండ మీద ఆ ఇనప రెక్కలు తిరుగుతాయి. ఫ్లోరా కళ్ళు తెరుచుకుని పడుకుంటుంది. ఎవరైనా వెళ్ళి అడిగితే, ఈ చప్పుడు మీ చోట ముందు నుంచీ ఉన్నదే అని కాగితం తీసి చూపిస్తారు. ఆ కాగితంలో ఉన్నది టోర్కిల్. బతికుండగా ఆ మగ్గాన్ని తను ఎన్ని తిట్లు తిట్టినా, అది ఆయన చప్పుడు. ఎవరికీ అరువిచ్చేది కాదు.

సోమవారం పొద్దున బల్ల తుడిచి రాయడం మొదలుపెట్టింది. మధ్యాహ్నానికి నాలుగు పేజీలైంది. ఆయన ఎవరి దగ్గర నేత నేర్చుకున్నాడు, గోధుమరంగు పడుగులో ఒక్క నీలం పోగు పేకగా ఎలా దాచేవాడు, దగ్గొచ్చినా ఎలా మానలేదు, అంతా రాసింది. ఫోనులో ఇష్‌బెల్‌కి చదివి వినిపించింది. ఇష్‌బెల్ చివరిదాకా విని, అందులో యంత్రం ఎక్కడ పెట్టారన్నది, ఆదివారాల సంగతి, మళ్ళీ కొలవమన్న మాట మాత్రం ఉంచి తక్కినవి తీసెయ్యమంది.

"ఆయన ఎలాంటివాడో వాళ్ళకి అక్కర్లేదా?" అంది మర్డీనా.

"వాళ్ళకి అక్కర్లేదత్తా," అంది ఇష్‌బెల్. "నాకు చెప్పు. నేను వింటా."

మర్డీనా కొట్టేసింది. కొట్టేస్తుంటే బాధగా కూడా లేదు, దుంపల చెక్కు తీస్తున్నట్టే ఉంది. మాయ చెయ్యబోయిన సంగతి ఎలాగూ రాయలేదు. పోయినవాళ్ళ తప్పు కౌన్సిల్‌కి చెప్పుకునేంత గతి తప్పలేదు ఆమెకి. అయితే ఇంకొకటి మిగిలిందంది ఇష్‌బెల్.

"మగ్గం రేపో మాపో మళ్ళీ నడుస్తుందంటే, అది ఆ చోటి చప్పుడే, ఉండనీ అంటారు. ఇక నడవదని రాయాలత్తా. అది లేకపోతే తక్కినదేదీ నిలబడదు."

మర్డీనా ఫోను పెట్టేసింది. ఆ మాట ఆమె మిల్లువాళ్ళకి చెప్పలేదు. ఐవర్‌కి చెప్పలేదు. రాత్రి పడుకునేటప్పుడు తనకి తను కూడా చెప్పుకోలేదు. షెడ్డుకి తాళం వెయ్యకపోవడం, సగం గుడ్డని కదపకపోవడం ఎందుకంటే, మగ్గం ఆగిపోయిందన్న మాట ఎదురుపడకుండా ఉండటానికే. టోర్కిల్ చచ్చిపోయాడని ఊరంతా వచ్చి చెప్పారు, పాస్టరు చెప్పాడు, ఆమె సరేనంది. మగ్గం సంగతి ఎవరూ అడగలేదు. ఇప్పుడు ముక్కూ మొహం తెలియని ఒక కౌన్సిల్ గుమాస్తా కోసం దాన్ని రాయాలి. పొయ్యిలో ఎండిన పీటు మట్టి ముక్కలు వేసింది. షెడ్డు తలుపు దాకా వెళ్ళి, నిలబడి వచ్చింది. కూర్చుని రాసింది.

'కిందటి శరత్తులో నా పెరట్లో కంపెనీవాళ్ళు కొలిచిన చప్పుడు మా షెడ్డులోని మగ్గానిది. కొలిచే యంత్రాన్ని ఆ షెడ్డు గోడ పక్కనే పెట్టారు. ఆదివారాలు మేము నెయ్యము. వాళ్ళ గ్రాఫులో ఆదివారాలు చూడండి. ఈ చోటి చప్పుడు అంతే. నేసింది నా భర్త టోర్కిల్. ఆయన ఫిబ్రవరిలో చనిపోయారు. ఈ మగ్గం ఇక నడవదు. కొండ కింది ఇళ్ళన్నిటికీ ఈ కొలతే వాడారు కాబట్టి దీన్ని పక్కన పెట్టి మళ్ళీ కొలవమని అడుగుతున్నాను.'

కౌన్సిల్‌కి వెళ్ళిన ఉత్తరాలు అందరూ చదువుకునేలా కంప్యూటర్లో పెడతారు. అందువల్ల ఆమె ఉత్తరం ఊరికి కౌన్సిల్‌తో పాటే అందింది. ఐవర్ వచ్చాడు. కుర్చీ చూపిస్తే కూర్చోలేదు.

"ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అన్నట్టు చేశావు వదినా. మా పేర్లన్నిటికీ పైన నీ పేరు పెట్టాం. దాని పక్కన నువ్వు ఇంకో కాగితం పెట్టావు. పైగా అన్నయ్య మగ్గం వల్లే ఈ తిప్పలని లోకానికి చెప్పినట్టయింది."

మర్డీనాకి కోపం రాలేదు. ఉన్న కాస్త కోపం ఆ ఉత్తరానికి ఖర్చయిపోయింది. టీ పోసి అతని ముందు పెట్టింది.

"ఫ్లోరా నిద్రపోతోందా?" అంది.

"ఎక్కడ. తెల్లార్లూ నా పేరే పిలుస్తోంది."

"నా పెరట్లో వేసిన అంకె మీ ఇంటిక్కూడా ఐవర్."

ఐవర్ కప్పు అందుకున్నాడు. తర్వాత కూర్చున్నాడు. చక్కెర కావాలన్నాడు.

ఊరి పిలుపుకి కౌన్సిల్ నుంచి అచ్చు వేసిన రసీదు వచ్చింది, మీ అభిప్రాయం అందిందని. మర్డీనా ఉత్తరానికి రసీదూ వచ్చింది, కొన్ని వారాల తర్వాత మరో ఉత్తరమూ వచ్చింది. కంపెనీని జవాబు అడిగామని, ఆ కొలత చెల్లదని వాళ్ళు ఒప్పుకున్నారని, కొత్త కొలత వచ్చేదాకా నిర్ణయం ఆపుతున్నామని. గాలిమరలు రావని ఎవరూ అనలేదు. రావచ్చు. వస్తే ఎంత చప్పుడుతో రావాలన్నది మాత్రం మళ్ళీ మొదటికొచ్చింది. ఐవర్ అది చదివి, రెండు రోజులు ముఖం చాటేసి, మూడోనాడు కలం పట్టుకుని వచ్చాడు. బరువు లారీలు వెళ్తాయంటున్న దారిలో రాతి వంతెన కింద వరద ఎంత ఎత్తు వస్తుందో ఊళ్ళో తనకంటే ఎవరికి తెలుసని, ఎలా రాయాలో చెప్పమన్నాడు. ఈసారి బైబిలు వాక్యం ఉండదని తనే మాటిచ్చాడు. తెలిసింది రాయమంది మర్డీనా.

ఆగస్టులో, అక్కడి ఎండాకాలం చివర్లో, కొలిచే మనిషి వచ్చాడు. అతనే. టోర్కిల్ సంగతి విని టోపీ తీశాడు. ఆ రోజు రొట్టె పెట్టారు, మగ్గం ఉందని కూడా తెలీలేదు నాకు అన్నాడు. మీరు ఇంట్లో ఉన్నారుగా, అందుకే ఆపారంది మర్డీనా. అతను యంత్రం బిగించుకోవడంలో పడ్డాడు. ఈసారి గోడ చాటున కాదు, పడకగది వైపు గడ్డిలో, బయలులో నిలబెట్టాడు. బొచ్చు టోపీ తొడిగాడు. మేకులు లోతుగా దిగ్గొట్టాడు. జేబులోంచి కాగితం తీసి, అడగాలి గనక అడుగుతున్నానన్నాడు.

"ఇంట్లో గానీ, చుట్టుపక్కల గానీ చప్పుడు చేసేది ఏమైనా ఉందా అమ్మా?"

"లేదు," అంది మర్డీనా.

అతను ఆ మాట రాసుకుని వెళ్ళిపోయాడు. ఆమె షెడ్డులోకి వెళ్ళింది. మిల్లువాళ్ళు మర్నాడు వస్తామన్నారు, గుడ్డని మగ్గం మీంచి కోసి ఇవ్వాలి. కత్తెర వెంట తెచ్చుకుంది. ఊరికే ఒకసారి కూర్చుందామని ఆయన బల్ల మీద కూర్చుంది. బల్ల ఆయన కూర్చున్న చోట అరిగిపోయి గుంటపడి ఉంది. గోధుమరంగులో నీలం పోగు కనిపించీ కనిపించనట్టు వచ్చి, ఒకచోట ఆగిపోయింది. నాడె సగం దారిలో ఉంది. ఆమె కాళ్ళు వాటంతటవే తొక్కుడు చెక్కల మీదికి వెళ్ళాయి.

సూది మత్తు అప్పుడు వదిలింది. ఒక్కసారి తొక్కాలనిపించింది. ఒక్కసారి, నాడె అటు నుంచి ఇటు వచ్చేంత. ఆ చప్పుడు ఒక్కటి వింటే చాలు. ఆమెకి దేని మీదా ఇంత ఆశ పుట్టి ఎన్నాళ్ళయిందో. మడమలు బిగుసుకున్నాయి. చిన్న కిటికీలోంచి, గడ్డిలో మూడు కాళ్ళ మీద నిలబడి, బొచ్చు టోపీ పెట్టుకుని అది వింటోంది.

ఆమె కాళ్ళు పక్కకి తీసింది. అంతలో ఏడుపు వచ్చేసింది, ఫిబ్రవరి నుంచి రానిదంతా ఒకేసారి. లేచి తలుపు వేసే వ్యవధి లేదు. నేసిన ట్వీడ్ కొసని అందుకుని నోట్లో కుక్కుకుని, మగ్గం మీదికి ఒంగి, గొంతులోంచి ఒక్క చప్పుడు బయటికి పోకుండా ఏడ్చింది.

ఆ రోజు మంగళవారం. గ్రాఫులో అది కూడా ఆదివారంలాగే వచ్చింది.